సూర్యగ్రహణం కళ్లద్దాలు (5 ప్యాక్) – అత్తయ్యతో సహా ఇంటిల్లిపాదీ వాడాక రాస్తున్న రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. ఒక స్టార్ ఎందుకు కోశానో కింద రాశాను. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇదే మోడల్ అట్ట కళ్లద్దాలు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, పేరు కంటే వాటిని ఎలా పరీక్ష చేసుకోవాలో తెలియడమే ముఖ్యం, పైగా ఇవి మా ఇంట్లో చేసిన పని చూశాక కళ్లద్దాల గురించి మాత్రమే రాసి ఆపబుద్ధి కాలేదు.

ముందు వస్తువు సంగతి. కవర్‌లో ఐదు వచ్చాయి, ఒక్కోటి వంద రూపాయల లోపే పడింది. ఫ్రేమ్ దళసరి అట్ట, కళ్ల దగ్గర నల్లటి పాలిమర్ ఫిల్మ్. పెద్దవాళ్లకి బానే కూర్చుంటాయి, పిల్లలకి మాత్రం జారిపోతాయి, మా వాడికి వెనకాల రబ్బర్ బ్యాండ్ వేసి స్టేప్లర్ కొట్టాల్సొచ్చింది. పవర్ అద్దాలు ఉన్నవాళ్లు వాటి మీదనుంచే పెట్టుకోవచ్చు కానీ చేత్తో పట్టుకునే ఉండాలి, పక్కనుంచి వెలుతురు దూరకుండా. పెట్టుకోగానే గదిలో ఏమీ కనపడదు, ట్యూబ్‌లైట్ కూడా కనపడదు, అది మంచి లక్షణం, చీకటిగా ఉంది పనిచేయట్లేదు అని వన్ స్టార్ ఇచ్చిన రివ్యూలు చూశాను, వాళ్లు బహుశా సూర్యుడి వైపు చూసి ఉండరు. మామూలు కూలింగ్ గ్లాసులు వెలుతుర్లో నూటికి పది ఇరవై వంతులు లోపలికి వదిలేస్తాయి, ఈ రకం ఫిల్మ్ లక్షకి సుమారు మూడు వంతులకి మించి వదలకూడదు, అదీ రూలు. ఆ రూలు పేరే ఐఎస్ఓ 12312-2, అంటే ఇలాంటి కళ్లద్దాలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, అట్ట మీద లోపలి వైపు ప్రింట్ అయ్యి ఉంటుంది.

ఇక్కడే అసలు విషయం. ప్రింట్ ఉంది కదా అని నమ్మేయకండి. 2017 ఆగస్టులో అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణానికి ముందు నకిలీ కళ్లద్దాలు మార్కెట్లోకి వచ్చేస్తే అమెజాన్ వాళ్లే, సరైనవని రుజువు దొరకని వాటికి కొన్నవాళ్లకి మెయిల్ పెట్టి డబ్బులు వెనక్కిచ్చారు. ఆ నంబర్ ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు, అట్టకి అడ్డేముంది. అందుకని ఇంట్లోనే చూసుకోవాలి: ఫోన్ టార్చ్ ఫిల్మ్ వెనకాల ఆనించి సూది మొనంత వెలుతురు చుక్క ఎక్కడైనా కనపడుతుందా, గీత ఏమైనా ఉందా, మడత దగ్గర ఫిల్మ్ అట్ట నుంచి ఊడిందా. తర్వాత ఒక్క క్షణం సూర్యుడి వైపు. సూర్యుడు నారింజ రంగులో అంచులు స్పష్టంగా గుండ్రటి బిళ్లలా కనపడాలి, కంటికి ఏ ఇబ్బందీ ఉండకూడదు, చుట్టూ మసకగా పొగలాగ వెలుగు కనిపించినా, ఇల్లో చెట్టో కనిపించినా అవి పనికిరావు. నాకొచ్చిన ఐదిట్లో ఒకదానికి ఎడమ కన్ను వైపు సన్నటి గీత ఉంది, టార్చ్ పెడితే వెంట్రుకలాగ మెరిసింది, కత్తెరతో ముక్కలు చేసి పడేశాను, అలాగే పారేస్తే ఏ పిల్లాడో తీసి పెట్టుకుంటాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే రెటీనాకి, అంటే కంటి లోపల వెనక ఉండే పొరకి, నొప్పి తెలీదు. లోపల కాలుతున్నా ఏమీ అనిపించదు, కొన్ని గంటలు పోయాక చూపు మధ్యలో మచ్చ పడితే అప్పుడు తెలుస్తుంది, అది కొందరికి తగ్గదు కూడా. మన పెద్దవాళ్లు గ్రహణాన్ని చూడొద్దురా అని అరిచింది ఆ మేరకు నూటికి నూరు పాళ్లు కరెక్టే. ఎక్స్‌రే ఫిల్మ్, పసుపు నీళ్ల పళ్లెంలో చూడటం, మసి పట్టించిన గాజు ముక్క, ఇవన్నీ వద్దు. ఈ కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోనో కెమెరాలోనో చూడటం ఇంకా డేంజర్, లెన్స్ ఎండనంతా ఒక్కచోటికి తెస్తుంది, ఫిల్మ్ కాలిపోయి ఆ తర్వాత కన్నే.

సరే వాడింది ఎప్పుడంటే 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు. హైదరాబాద్‌లో సాయంత్రం 5 ప్రాంతంలో పట్టి, విడవకుండానే సూర్యుడు అస్తమించాడు. మా అత్తయ్య గారిది ఆచారాలు గట్టిగా పాటించే ఇల్లు, పొద్దున్నే ఆవకాయ జాడీల మీద, పెరుగు గిన్నె మీద, నీళ్ల బిందె మీద దర్భలు వేసేశారు, పట్టు స్నానం విడుపు స్నానం రెండూ చేస్తారు, ఆ రోజు తిరుమల ఆలయం పొద్దున్నుంచీ మూసేశారని టీవీలో చూస్తూ కూర్చున్నారు. నేను ఏమీ అనలేదు. మా వాడు మాత్రం మూడుసార్లు అడిగాడు, నానమ్మా నువ్వు రావా పైకి అని. గ్రహణం చూస్తే మనకి దోషం రా అన్నారు. దోషం ఎందుకు అంటే ఆవిడ దగ్గర జవాబు ఉంది, రాహువు పట్టాడు కదా. వాడు అప్పటికే స్కూల్లో చంద్రుడి నీడ అని నేర్చుకున్నాడు, ఇద్దరి మధ్య వాదన మొదలైంది, నాకు నిజంగా భయం వేసింది ఎవరో ఒకరు నొచ్చుకుంటారని.

అప్పుడు నేను చేసిందొక్కటే, గాజుల డబ్బాలోంచి రెండు పెద్ద గాజులు తీశాను. ఒకటి బల్లమీద పడుకోబెట్టా, అది సూర్యుడు తిరిగినట్టు మనకి కనిపించే దారి. రెండోది దాంట్లో దూర్చి కొంచెం ఏటవాలుగా పెట్టా, అది చంద్రుడి దారి, నిజంగా ఆ వాలు ఐదు డిగ్రీలే. రెండు గాజులు తగిలేది రెండే చోట్ల కదా, ఆ రెండు చోట్లే రాహువు, కేతువు. మన జ్యోతిషంలో లెక్క కట్టేది ఆ బిందువులనే, అవి వెనక్కి జరుగుతూ పద్దెనిమిదిన్నర ఏళ్లు దాటాక ఒక చుట్టు పూర్తి చేస్తాయి. అమావాస్య ఆ బిందువుల దగ్గర్లో పడితేనే సూర్యగ్రహణం, లేకపోతే చంద్రుడు కొంచెం పైనుంచో కిందనుంచో దాటిపోతాడు, అందుకే ప్రతి అమావాస్యకీ గ్రహణం రాదు. అత్తయ్య గాజుల్ని కాసేపు చూసి, మా నాన్న పంచాంగం ముందేసుకుని కాగితం మీద ఇలాగే రెండు గీతలు గీసేవాడు, గ్రహణం ఏ ఘడియకి పడుతుందో ముందే చెప్పేవాడు, పాము ఎప్పుడు మింగుతుందో లెక్కేస్తే ఎలా వస్తుంది నీడ కాబట్టే వస్తుంది అన్నారు. నేను చెప్పలేదు ఆ మాట, ఆవిడే అన్నారు.

ఆ తర్వాత దర్భలు తియ్యలేదు, స్నానం మానలేదు, తులసి దగ్గర దీపం పెట్టి టెర్రస్ మీదకి వచ్చారు. ఫిల్మ్ సరిగా ఉందా అని మా వాడి చేతిలోంచి కళ్లద్దాలు లాక్కుని తనే టార్చ్ పెట్టి చూసుకున్నారు, కళ్లద్దాల షాపులో అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినట్టు. పశ్చిమాన అపార్ట్‌మెంట్ల మధ్య సందులో సూర్యుడు కిందకి దిగుతున్నాడు, కళ్లద్దాలలోంచి చూస్తే ఒక పక్క నుంచి నల్లగా కోసేసినట్టు ఉంది. అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకునే చేతులు జోడించారు. ఆదిత్య హృదయం చదివారు, పూర్తిగా, మధ్యలో ఆపకుండా. ఆవిడకి డెబ్బై దాటాయి, అన్నేళ్లలో ఎన్ని గ్రహణాలు వచ్చిపోయాయో, చూసింది అదే మొదటిది.

మా అమ్మకి ఇది ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. అమ్మ వాళ్లది నల్లగొండ వైపు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ మీదుగానే వెళ్లింది, కర్ణాటక నుంచి వచ్చి రాయచూరు, మన తెలంగాణ జిల్లాల మీదుగా ఒడిశా పూరీ వైపు, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉంది, శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చి మరీ చూశారు. మధ్యాహ్నం మూడున్నర దాటాక పూర్తి చీకటి, రెండు నిమిషాలకి కాస్త పైన. అమ్మమ్మ పిల్లలందర్నీ గదిలో వేసి తలుపు గడియ పెట్టి కిటికీకి దుప్పటి కట్టిందట. అమ్మకి గుర్తున్నది ఏంటంటే కోళ్లు గంప కిందకి వెళ్లిపోయిన చప్పుడు, ఒక్కసారిగా చల్లబడటం, దుప్పటి అంచున ఉన్న వెలుతురు గీత ఆరిపోయి మళ్లీ వెలగడం. ఆకాశంలో సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే వెలుగు వలయం తెల్లగా విచ్చుకున్న ఆ రెండు నిమిషాలు ఊరు ఊరంతా తలుపులేసుకుని ఉంది. అమ్మమ్మ తప్పు అనను నేను, ఆవిడకి ఎవరు చెప్పారు, ఆవిడ చేతిలో ఈ వంద రూపాయల అట్టముక్క పెట్టిన వాళ్లెవరున్నారు. కానీ జీవితంలో ఒక్కసారి ఇంటి ముంగిట్లోకి వచ్చిన దాన్ని మా అమ్మ చూడలేకపోయింది, ఆ లోటు మళ్లీ తీరేది కాదు, తలచుకుంటే నాకు ఏడుపొస్తుంది.

ఇది రాస్తూ ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, మనవాళ్లలో చాలామందికి తెలీదు. 1868 ఆగస్టు 18 గ్రహణం మన గడ్డ మీద పడినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి చూశాడు, మద్రాస్ అబ్జర్వేటరీలో పనిచేసే ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ మచిలీపట్నంలో చూశాడు, సూర్యుడి వెలుగులో అప్పటికి ఎవరికీ తెలియని పసుపు గీత ఆ గ్రహణంలోనే దొరికింది, ఆ గీతకి కారణమైన మూలకానికే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. అదే గ్రహణానికి వనపర్తిలో ఇంకో బృందం ఉంది, దాన్ని నడిపింది చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబం నుంచి వచ్చి మద్రాస్ అబ్జర్వేటరీలో ఫస్ట్ అసిస్టెంట్ అయినాయన, 1867లో ఆర్ రెటిక్యులీ అనే, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని కనిపెట్టాడు, 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటుతున్నప్పుడు జనానికి అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాసి కొన్ని భాషల్లో వేయించాడు. పాత సూత్రాలతో చేసిన పంచాంగం గ్రహణానికి ఆకాశంతో సరిపోవట్లేదని దృగ్గణిత పంచాంగం తెచ్చాడు, అంటే ఆకాశంలో కనిపించే దానితో లెక్క సరిపోవాలి, సరిపోకపోతే దిద్దుకోవాల్సింది లెక్కనే. సాటి పండితులు వ్యతిరేకించినా వెనక్కి తగ్గలేదు. ఆయన దేవుణ్ణి వదిలేయలేదు, పంచాంగాన్నీ వదిలేయలేదు. తిథి తప్పు పడితే వ్రతం తప్పు రోజున చేస్తాం కదా అన్న పట్టింపు ఉన్నవాడే టెలిస్కోప్ దగ్గర కూర్చున్నాడు. అంతకుముందు 499లో ఆర్యభటుడు కూడా తన గ్రంథంలో చంద్రుడు సూర్యుణ్ణి, భూమి పెద్ద నీడ చంద్రుణ్ణి కప్పుతాయని సూటిగానే రాసి పెట్టాడు.

అందుకని సైన్స్ తెలిసినవాళ్లు గుడికి వెళ్లరు, గుడికి వెళ్లేవాళ్లకి సైన్స్ ఎక్కదు అనే మాట నాకు రుచించదు. ఇస్రో వాళ్లు ప్రయోగం ముందు రాకెట్ నమూనా తీసుకుని తిరుమల వెళ్తారు, సూళ్లూరుపేట చెంగాళమ్మకి మొక్కుతారు, దాని మీద ఎప్పుడూ గొడవే. మొక్కుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు, మొక్కాం కదా అని కౌంట్‌డౌన్‌లో ఒక్క వాల్వ్ చెక్ చెయ్యకుండా వదిలితే అప్పుడు ఇబ్బంది, వాళ్లు వదలరు. పట్టించుకోవాల్సింది అక్కడ. ఇంకోవైపు నుంచి చూస్తే, ఐఎస్ఓ నంబర్ చూసి పరీక్ష చెయ్యకుండా పిల్లాడి కళ్లకి పెట్టేసే వాడు తనకి తాను సైన్స్ మనిషి అనుకున్నా, వాడు చేసింది కూడా గుడ్డి నమ్మకమే.

నాకు కోపం వచ్చేది ఒక్క చోట. మా ఆడపడుచు ఆ 2022 గ్రహణానికి ఏడో నెల గర్భిణి. సూతకం అని గ్రహణానికి నాలుగు జాముల ముందు నుంచీ, అంటే పన్నెండు గంటలు, తినొద్దు, ఆ టైమ్‌కి కదలకుండా వెల్లకిలా పడుకోవాలి, కత్తి పట్టుకోకూడదు, లేకపోతే బిడ్డకి గ్రహణమొర్రి వస్తుందని చుట్టాలందరూ ఫోన్లు. పై పెదవి అతుక్కునేది గర్భం వచ్చిన నాలుగు నుంచి ఏడు వారాల మధ్యలోనే, ఏడో నెలకి ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వంశంలో ఉండటం, కొన్ని మందులు, సిగరెట్ పొగ, ఫోలిక్ యాసిడ్ తక్కువవడం లాంటివి డాక్టర్లు చెప్పే కారణాలు, నీడ కాదు. ఆ బిడ్డలు పుట్టిన తల్లుల్ని నువ్వు గ్రహణంలో బయటకెళ్లి ఉంటావు అని జీవితాంతం దెప్పుతారే, అది మహాపాపం, ఆ తల్లి తప్పు అందులో ఏమీ లేదు, మొర్రికి ఆపరేషన్ ఉంది, త్వరగా తీసుకెళ్తే చాలు. పైగా శాస్త్రం చెప్పేవాళ్లే పిల్లలకి, ముసలివాళ్లకి, రోగులకి, గర్భిణులకి ఉపవాసం పట్టింపు లేదంటారు. షుగర్ మాత్ర వేసుకునే పెద్దాయన్ని పన్నెండు గంటలు పస్తు పెడితే పడిపోతాడు, అది ఏ రాహువూ చెయ్యక్కర్లేదు. ఆడపడుచుకి మధ్యాహ్నం భోజనం పెట్టింది అత్తయ్యే, చుట్టాల ఫోన్లు ఎత్తి సర్దిచెప్పింది కూడా ఆవిడే.

గ్రహణం రోజు టీవీల్లో చూపించే ఇంకొకటి, పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టడం. మా వాడు తర్వాత ఏ గ్రహణమూ లేని ఆదివారం నాడు వంటింట్లో ట్రై చేశాడు, రెండుసార్లు పడింది, మూడోసారి నిలబడింది, అడుగు సమంగా ఉండి చెయ్యి ఓపిగ్గా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. అత్తయ్య వచ్చి చూసి పక్కింటావిణ్ణి కూడా పిలిచారు. 2020 జూన్ 21 గ్రహణానికి ముందు కరోనా ఈ గ్రహణంతో పోతుందని వాట్సాప్‌లో తిరిగింది గుర్తుందా, ఆ తర్వాత ఏడాది ఏమైందో మనందరికీ తెలుసు. నమ్మిన వాళ్లని తిడితే ఏం లాభం, రోకలి నిలబెట్టి చూపించినట్టు చూపించాలి. జనంలో సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు గ్రహణాలప్పుడు ఊళ్లలో ఇలాంటి కళ్లద్దాలతో జనానికి చూపిస్తుంటారు, మీ దగ్గర పెడితే పిల్లల్ని తీసుకెళ్లండి.

మళ్లీ వస్తువు దగ్గరికి. ఒక స్టార్ కోసింది కాగితం కోసం. లోపల పెట్టిన సూచనల కాగితంలో ఒక్క ముక్క తెలుగు లేదు, ఇంగ్లీష్‌లో చీమ తలకాయంత అక్షరాలు. కళ్లు పోయే వస్తువు అమ్ముతున్నప్పుడు మా అత్తయ్య చదువుకునేలా రాయాలా వద్దా? నేనే తెలుగులో ఒక పేజీ రాసి కవర్ మీద అంటించా: ముందు నేల చూస్తూ పెట్టుకోవాలి, తర్వాత తల ఎత్తాలి, తల దించాకే తియ్యాలి, పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. రాసింది ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో అడగండి. గీత పడింది ఒకటి రావడం ఇంకో మైనస్, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే జవాబు లేదు.

గ్రహణం లేని రోజుల్లో కూడా ఇవి పనికొస్తాయి, ఇది చాలామంది చూసుకోరు. 2024 మే రెండో వారంలో సూర్యుడి మీద పెద్ద మచ్చల గుంపు వచ్చింది, అక్కడ రేగిన సౌర తుఫాను వల్ల ఆ వారమే లద్దాఖ్ హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రగా మెరిసింది, ఇక్కడ మా బాల్కనీలోంచి ఈ అట్ట కళ్లద్దాలతోనే ఆ మచ్చ చిన్న చుక్కలాగ కనిపించింది, మా వాడు రోజూ స్కూల్ నోట్‌బుక్‌లో గుండ్రం గీసి మచ్చ ఎక్కడుందో పెట్టాడు, చుక్క పక్కకి జరుగుతుంటే సూర్యుడు తిరుగుతున్నాడని వాడే చెప్పాడు. చంద్రగ్రహణానికి మాత్రం ఇవి అక్కర్లేదు, 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణానికి మా అపార్ట్‌మెంట్‌లో కొందరు అడిగారు, అది మామూలు కంటితోనే చూడొచ్చు, ఏ ప్రమాదమూ లేదు.

కళ్లద్దాలు లేనివాళ్లు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి చిల్లుల గిన్నె పట్టుకుంటే గోడ మీద ఒక్కో చిల్లుకీ ఒక్కో నెలవంక పడుతుంది, వేపచెట్టు కిందైతే ఆకుల సందుల్లోంచి నేలంతా నెలవంకలే. దీనికి పైసా ఖర్చు లేదు.

2027 ఆగస్టు 2, సోమవారం, సాయంత్రం పూట మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణం ఉంది. ఈజిప్టు లక్సర్‌లో అదే గ్రహణం సంపూర్ణంగా ఆరు నిమిషాల పైన ఉంటుంది, మనకి కొరికినంతే. అప్పటికి నెల ముందే కొనండి, చివరి వారంలో రేట్లు పెంచుతారు, నకిలీలు ఎక్కువొస్తాయి. పాతవి ఉంటే పుస్తకం మధ్యలో పెట్టి దాచుకోవచ్చు, గీతలు, మడతలు పడకపోతే మళ్లీ వాడుకోవచ్చు, కానీ టార్చ్ పరీక్ష ప్రతిసారీ చెయ్యండి. మేము ఇంకో ఐదు ప్యాక్ ఆర్డర్ పెట్టబోతున్నాం, ఈసారి లెక్కలో అమ్మ కూడా ఉంది, జూలై చివర్లోనే హైదరాబాద్ వచ్చేస్తానంది.